భుజాల కుట్టు

చెల్లెలు పోయిన రోజునే మొద్దు సూది కూడా పోయింది.

సూది సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు. పట్టాల్సిన రోజూ కాదు. ఇల్లంతా మనుషులు. ఎవరో మంచం మీది దుప్పటి తీసి దులిపారు. ఎవరో కిటికీ దగ్గరి బుట్టను మెట్ల కిందకి జరిపారు. కుర్చీలు చాలక ఆమె కూర్చునే పీటను కూడా ఎవరో బయటికి పట్టుకెళ్ళారు. పీట మర్నాడు తిరిగొచ్చింది. బుట్ట మెట్ల కింద దొరికింది. ఊలు ఉండలు, అల్లిన ముక్కలు, కత్తెర అన్నీ అందులో ఉన్నాయి. సూది లేదు. మొన గుండ్రంగా, బెజ్జం పెద్దదిగా ఉండే సూది అది. ఏ ముక్క కుడుతుంటే ఆ ముక్కకే గుచ్చి లేచేది చెల్లెలు.

మా ఇంట్లో ఆ పని ఇద్దరిది. అమ్మ క్రోషా కొక్కెంతో అల్లేది, చెల్లెలు కలిపేది. స్వెటరైతే ముందుకి రెండు ముక్కలు, వీపుకి ఒకటి, చేతులు రెండు. ఊలు చెప్పులైతే ఒక్కోదానికి అడుగు ఒకటి, పైముక్క ఒకటి. ఆఖరి వరస అవగానే అమ్మ దారం తెంపి, ముక్కను బుట్టలోకి విసిరి, "నా పని అయిందే. ఇక నీ చావు నువ్వు చావు" అనేది.

"పేరేమో నీకు, మెడనొప్పేమో నాకు. బాగుందమ్మా న్యాయం!" అనేది చెల్లెలు. ముక్కలన్నీ తడిపి, పరుపు మీద సాపుగా పరిచి, అంచుల్లో గుండుసూదులు గుచ్చేది. అవి ఆరేదాకా ఆ మంచం మీద ఎవరూ నడుం వాల్చడానికి లేదు. అమ్మకి కలపడం చేతకాదు. చెల్లెలికి అల్లే ఓపిక లేదు. నేను బళ్ళో లెక్కలు చెప్తాను. నాకు రెండూ రావు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టినప్పుడు ఇటుక రంగు ఊలుతో ఒక స్వెటర్ మొదలైంది. చెల్లెలి కూతురి కోసం. పాప రెండో తరగతి. మరిదికి కొండ మీది ఊళ్ళో ఉద్యోగం. అక్కడ క్వార్టర్సు ఇచ్చేదాకా తల్లీకూతుళ్ళు మాతోనే ఉన్నారు. "చలి మొదలయ్యేసరికి ఇది నీ ఒంటి మీద ఉంటుంది" అని చెల్లెలు పాపకు మాటిచ్చింది. వీపు, ముందు ముక్కలు అయిపోయాయి. భుజాల దగ్గర వాటిని కలిపి కుట్టింది కూడా. అమ్మ ఇంకా చేతులు అల్లాలి. అప్పుడే చెల్లెలికి జ్వరం వచ్చింది. జ్వరమేగా అని ఆస్పత్రికి నడిచే వెళ్ళింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక ఒక సాయంత్రం పాప బుట్ట ముందు గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, నా స్వెటర్ ఇప్పుడెవరు కలుపుతారు?"

"నేను కలుపుతాను."

"నీకొచ్చా?"

"నేర్చుకుంటాను."

"నీకు గుండీ కుట్టడం కూడా రాదని అమ్మ చెప్పిందే."

"గుండీ కూడా నేర్చుకుంటానులే" అన్నాను.

పాప కాసేపు నన్ను పరీక్షగా చూసింది. తరవాత బుట్టను నా కాళ్ళ దగ్గరికి తోసింది.

కొన్నాళ్ళకి అమ్మ తనంతట తనే క్రోషా పట్టుకుంది. నేను అడగలేదు. బడి నుంచి వచ్చేసరికి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి అల్లుతోంది. అది పూర్తయిన రోజు అలవాటు కొద్దీ బుట్టవైపు విసరబోయింది. "నా పని" అంటూ మొదలుపెట్టింది. అక్కడితో ఆగి, లేచి వచ్చి, ముక్కను నా చేతిలో పెట్టి వెళ్ళింది.

మరిది ఫోన్ చేశాడు.

"వదినగారూ, క్వార్టర్సు వచ్చింది. దాని హాఫియర్లీ పరీక్షలవగానే వచ్చి తీసుకెళ్తాను. ఇక్కడ చలి బాగా ఎక్కువండి. దాని బట్టలవీ కాస్త చూడండి."

"స్వెటర్ అవుతోంది."

"అదేనా?"

"అదే."

"సరేనండి. అయితే నేను కొనను."

ఆ మాటతో పని నా మెడకు చుట్టుకుంది.

స్వెటర్ మీద చెయ్యి వేసేముందు చెప్పుల మీద నేర్చుకుందామనుకున్నాను. బుట్టలో పాప పాదాలకని అల్లిన అడుగులు, పైముక్కలు ఒక జత ఉన్నాయి. ఇంట్లో ఉన్న మామూలు సూదితో మొదలుపెట్టాను. మామూలు సూది ఊలు కన్నాల్లోంచి పోదు. దారాన్నే చీల్చుకుని పోతుంది. అలా చీల్చుకుపోయిన కుట్టును మళ్ళీ విప్పాలంటే రాదు, లాగితే ఊలు పోగులు పోగులుగా ఊడుతుంది. కొట్లో అడిగితే గోనెసంచులు కుట్టే దబ్బనం తీసి చూపించాడు. చివరికి ఉన్నవాటిలో లావు సూదినే గచ్చుకేసి మొన పోయేదాకా అరగదీశాను. అప్పటికే ఒక చెప్పు సగం అయింది.

రెండూ పూర్తి చేసి పాప ముందు పెట్టాను. తొడుక్కుని లేచి నిలబడింది. కిందికి చూసుకుంది.

"పెద్దమ్మా, రెండూ ఎడంకాలివే."

"కాదు, సరిగ్గా చూడు."

"చూశా. నాకు ఎడంకాలు ఒకటే ఉంది."

నిజమే. రెండో అడుగును తిరగేసి పట్టుకోవాల్సింది. మొదటిదాన్ని చూసి అచ్చం అలాగే కుట్టాను. బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు, చిటికెనవేలు ఉండాల్సిన చోట బొటనవేలు. పైగా ముందువైపు కుట్టు లాగేసి, చెప్పు కొన పడవలా పైకి లేచింది.

"విప్పి మళ్ళీ కుడతానులే."

"వద్దు, ఊడిపోతుంది. ఇలాగే బావున్నాయి" అంటూ కుడిపాదం లోపలికి తిప్పి ఈడ్చుకుంటూ వంటింటి దాకా వెళ్ళింది. "అమ్మమ్మా, చూడు, నేను రెండు ఎడంకాళ్ళ పిల్లని." గోడవైపు తిరిగి గిన్నెలు తోముతున్న అమ్మ భుజాలు కదిలాయి. ఎందుకో నేను అడగలేదు. అప్పటినుంచి ఇంట్లో ఉన్నంతసేపూ పాప ఆ చెప్పులు విప్పేది కాదు. ఆ కుంటినడక చప్పుడును బట్టే అది ఏ గదిలో ఉందో తెలిసేది.

మా బళ్ళో కుట్లూ అల్లికలూ నేర్పే టీచరు ఒకామె ఉంది. నోరు పెద్దది. చెల్లెలు పోయాక మిగతావాళ్ళంతా నాతో మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఈమె గొంతు మాత్రం తగ్గలేదు. అందుకే ఆమె దగ్గరికి వెళ్ళాను. స్టాఫ్‌రూంలో అన్నాల గిన్నెలు పక్కకి జరిపి, ఒక చెయ్యి తగిలించిన స్వెటర్‌ను బల్ల మీద పరిచాను.

"ఇదేంటమ్మా లెక్కల టీచరూ, కుట్టా, కుస్తీయా?"

"ఎక్కడ తప్పు చేశానో చెప్పండి."

"ఎక్కడ చెయ్యలేదో అడుగు, త్వరగా తెమిలిపోతుంది." సులోచనాలు తుడుచుకుని పెట్టుకుంది. "ఒక చివర మొదలెట్టి గుడ్డిగా కుట్టుకుంటూ పోతారా ఎవరైనా? చంక దగ్గర బయల్దేరావు, భుజం ఎక్కి అవతలికి దిగేసరికి చెయ్యి అయిపోయింది, ఒళ్ళు మిగిలింది. మిగిలిందాన్నంతా కుచ్చిళ్ళు పోసి చివర్లో కుక్కేశావు. చూడు, బోసినోరులా ఎలా ముడుచుకుందో."

"మరెలా?"

"చేతికి సగం ఎక్కడో చూసుకో. దాన్ని భుజం కుట్టుకి గుచ్చు. రెండు కొసలూ చంకల దగ్గర గుచ్చు. ఆ సగంలో మళ్ళీ సగం. మళ్ళీ సగం. భిన్నాలు చెప్తావుగా పిల్లలకి, అంతే. గుచ్చడం అయ్యాక కుట్టడానికి ఏముంది, కళ్ళు మూసుకుని కుట్టొచ్చు."

ఇది నాకు నచ్చింది. సగం, సగంలో సగం నాకు తెలిసిన భాష. ఇంటికొచ్చి పాప పడుకునే మంచం మీద పరిచి, చెప్పినట్టే గుచ్చాను. గుండుసూదుల మధ్య ప్రతిచోటా చెయ్యి బిగుసుకుని ఉంది, ఒళ్ళు వదులుగా ఉబ్బి ఉంది. ఇదివరకు చివర్లో ఒక్కచోట పోగైన తేడా ఇప్పుడు అంతటా సమానంగా పరుచుకుంది. కుట్టాను. విప్పాను. తడిపి, ఆరబెట్టి, మళ్ళీ కుట్టాను. విప్పిన దారం నలిగి, నూగు లేచి, ఇటుక రంగు పోయి మట్టిరంగుకు తిరుగుతోంది. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ మధ్యలో లేచి వెళ్ళి దాన్ని చూసేదాన్ని. దూరం నుంచి చూస్తే కుదిరినట్టే ఉండేది.

చివరికి కుట్టు టీచరే తను కుట్టి తెస్తానని దాన్ని తీసుకెళ్ళింది. కొన్నాళ్ళకి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చెయ్యి వేరుగా, ఒళ్ళు వేరుగా ఉన్నాయి.

"నా వల్ల కాలేదమ్మా. ఈ మాట బయట చెప్పకు, హెడ్మాస్టరు నా పీరియడ్లు కూడా నీకే రాసేస్తాడు." తరవాత ఆమె గొంతు మొదటిసారిగా తగ్గింది. "కోపం తెచ్చుకోకు. ఈ చెయ్యి ఈ ఒంటిది కాదు. వేరే స్వెటర్‌ది పట్టుకొచ్చావేమో, ఇంట్లో చూడు."

"దీనిదేనండి. అన్నీ మా అమ్మే అల్లింది."

"అన్నీ ఒకరే అల్లారా?" అని ఆమె తన అన్నం డబ్బా మూత తీసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం బుట్ట మొత్తం నేల మీద బోర్లించాను. అడుగున ఒక చెప్పు అడుగు ఒంటరిగా దొరికింది. చెల్లెలు ఉండగా, వానాకాలంలో అల్లింది. అదే కొలతకి అమ్మ ఈమధ్యే అల్లి బుట్టలో వేసిన అడుగునూ పక్కకి తీశాను. రెండూ ఒడిలో పెట్టుకుని కుట్లు లెక్కపెట్టాను. వరసలు లెక్కపెట్టాను. ఎక్కడా తేడా లేదు. అదే ఊలు, అదే క్రోషా. ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. కొత్తది చుట్టూ చిన్నదిగా ఉంది. పాతదాన్ని కొసన పట్టుకుంటే కిందికి వేలాడింది. కొత్తది అట్టముక్కలా నిలబడింది.

తలెత్తి అమ్మను చూశాను. కిటికీ పక్కన రెండో చెయ్యి ఆఖరి వరసల్లో ఉంది. దారాన్ని చూపుడువేలికి ఒక చుట్టు చుట్టుకునే మనిషి, ఇప్పుడు వేలు కనపడనంతగా చుట్టుకుంది. వేలి కొస పాలిపోయి తెల్లగా ఉంది. కుట్టు వేసిన ప్రతిసారీ దారాన్ని గట్టిగా లాగుతోంది, అటుచివర ఎవరో పట్టుకున్నట్టు.

"అమ్మా, కొంచెం వదులుగా అల్లు."

"వదులుగానే అల్లుతున్నానే."

లేచి వెళ్ళి రెండు అడుగులూ ఆమె ఒళ్ళో పెట్టాను. వాటికేసి చూడలేదు. వేళ్ళతో తడిమింది. ముందు ఒకదాన్ని, తరవాత రెండోదాన్ని. మెత్తగా ఉన్నదాన్ని గుప్పిట్లోకి తీసుకుని మళ్ళీ వదిలింది.

"వేళ్ళు మాట వినడం లేదే" అంది.

ఆ తరవాత అమ్మ చాలా ప్రయత్నం చేసింది. లావు క్రోషాతో అల్లితే చెయ్యి వెడల్పు వచ్చింది గానీ నిండా కన్నాలు. పాప అందులో చెయ్యి పెట్టి, వేళ్ళు బయటికి తీసి ఆడించి, "ఇందులోంచి చలి లోపలికి రాదా అమ్మమ్మా?" అంది. కుట్లు పెంచి అల్లితే కొలత సరిపోయింది, కానీ చెయ్యి తూములా బిర్రుగా తయారైంది, మోచెయ్యి మడవదు. ఒక్కోసారి అమ్మ నాలుగు వరసలు మెత్తగా అల్లి, నాకు చూపించి, మళ్ళీ ఆలోచనలో పడేది. అయిదో వరసకి బిగిసిపోయేది. ఊలు తరుగుతోంది. కొట్టతను ఆ రంగు మళ్ళీ రాలేదన్నాడు.

ఇక ఒకటే దారి. అది అమ్మే చెప్పింది.

"ఒళ్ళు కూడా విప్పేద్దాం. మొదట్నుంచీ మళ్ళీ అల్లుతా. బిగువైతే బిగువే, అన్నీ ఒక్కలా ఉంటాయి. కాస్త పెద్ద కొలత పెట్టుకుంటా. విప్పిన ఊలు కూడా కలిపితే సరిపోతుంది."

"పరీక్షలయ్యేలోపు అవుతుందా?"

"పగలంతా నాకేం పని?"

కత్తెర తెచ్చి నాకిచ్చింది. ఒళ్ళు విప్పాలంటే ముందు భుజాలు విప్పాలి. వీపును, ముందు ముక్కల్ని పట్టి ఉంచింది ఆ రెండు కుట్లే. స్వెటర్ తిరగేసి వెలుతురులో పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ చేతుల గొడవలో పడి ఆ కుట్లను నేను సరిగ్గా చూడనేలేదు. పైనుంచి చూస్తే అక్కడ కుట్టు ఉన్నట్టే తెలియదు. అల్లిక ఆగకుండా ముందునుంచి వెనక్కి వెళ్ళిపోయినట్టుంది. లోపలివైపు మాత్రం సన్నని గీత, ఎక్కడా లాగకుండా, ఎక్కడా జారకుండా. ఎడం భుజం దారం కొసను లోపలికి దోపి మాయం చేసింది. కుడి భుజం దగ్గర జానెడు దారం వేలాడుతోంది. దాన్ని ఇంకా దోపలేదు. ఆ కొసకే సూది ఉండి ఉండాలి.

కత్తెర దాని దగ్గరికి పెట్టాను.

"నువ్వు విప్పమ్మా" అన్నాను. "అల్లింది నువ్వేగా."

"కుట్టింది నేను కాదుగా" అంది అమ్మ.

కత్తెరను ఇద్దరి మధ్యా ఉన్న పీట మీద పెట్టాను. అమ్మ దాన్ని చూస్తోంది, నేనూ చూస్తున్నాను. బయట ఎవరో నీళ్ళు పడుతున్నారు. బిందె నిండిన చప్పుడు వినిపించి, తరవాత కుళాయి ఆగింది.

పక్కగదిలోంచి కుంటినడక చప్పుడు వచ్చింది. పాప గుమ్మంలో నిలబడింది. చేతిలో రంగు కాగితం.

"కత్తెర ఖాళీయేనా? నక్షత్రం కత్తిరించుకోవాలి."

అమ్మ నా వైపు చూసింది.

"అమ్మమ్మా, ఖాళీయేనా?"

"ఖాళీయేనమ్మా, తీసుకో" అంది అమ్మ.

పాప కత్తెర పట్టుకుని వెళ్ళిపోయింది. నేను స్వెటర్‌ను మంచివైపుకి తిప్పి, చేతులు లోపల పెట్టి మడిచాను.

పరీక్షలయ్యాక మరిది వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. మంచినీళ్ళు తాగాక సంచిలోంచి ఒక కవరు తీసి, దాన్ని ఎవరికివ్వాలో తెలియనట్టు కొంతసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"కొనను అన్నాను గానీ వదినగారూ, పొద్దున్నే నీళ్ళు ముట్టుకోలేకపోతున్నాం అక్కడ. అయిందో లేదోనని..."

"మంచిపని చేశారు" అన్నాను. "అవలేదు."

ఆకాశం రంగు స్వెటర్. మెడదాకా జిప్పు. పాప తొడుక్కుంది. "భలే ఉంది పెద్దమ్మా జిప్పు, చూడు!" అంటూ కిందికీ పైకీ లాగింది. నా మొహం చూసి జిప్పు మధ్యలో ఆపేసింది.

"మొత్తం పెట్టుకో. మెడకి చలి తగలదు" అన్నాను.

మరిది ఆ ఇటుక రంగు స్వెటర్ చూపించమని అడిగాడు. తెచ్చిచ్చాను. చేతులు జారి కింద పడ్డాయి, వాటిని తీసి పక్కన పెట్టాడు. మిగిలిన దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని భుజాల మీద బొటనవేలితో ఒకసారి రాశాడు.

"ఇది తనేనా?"

"తనే."

"తీసుకెళ్ళండి బాబూ, ఉంచుకుంటానంటే" అంది అమ్మ.

"వద్దత్తయ్యా. నేనెక్కడ దాచను?" అని జాగ్రత్తగా, వచ్చిన మడతల మీదే మడిచి ఇచ్చాడు.

బయల్దేరేటప్పుడు పాప చెప్పులు సర్దలేదని చూసి మంచం కింద వెతికాను. రెండూ పక్కపక్కన నీటుగా పెట్టి ఉన్నాయి, రెండూ ఒకవైపుకే తిరిగి.

"ఇవి మర్చిపోయావు."

"మర్చిపోలేదు. ఇక్కడే ఉంచు. మళ్ళీ వచ్చినప్పుడు వేసుకుంటా."

"అప్పటికి కాళ్ళు పెరుగుతాయే."

"అయితే పెద్దవి కుట్టు. ఈసారి ఒకటి కుడికాలిది."

అమ్మ వీధి చివరిదాకా వాళ్ళతో నడిచింది. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, కిటికీ పక్కన క్రోషా పట్టుకుని కూర్చుంది. దారం వేలికి చుట్టుకుంది. ఎంతసేపైనా మొదటి కుట్టు పడలేదు. దారం విప్పేసి, క్రోషాను బుట్టలో పెట్టి, బుట్టను తనే మెట్ల కిందకి జరిపింది.

ఆ చలికాలం మాకు పెద్దగా చలే వెయ్యలేదు. కొండ మీద బాగా ఉందని మరిది ఫోన్లో చెప్పేవాడు. ఎండలు ముదిరేనాటికి పాప జిప్పు స్వెటర్‌కి కూడా చేతులు పొట్టైపోయాయన్నాడు. బడి మళ్ళీ తెరిచేముందు ఇల్లు దులిపినప్పుడు మంచాలు జరిపాను, పరుపు కుట్లు తడిమి చూశాను, పీటను తిరగేశాను. సూది దొరకలేదు. కుట్టు టీచరు వాళ్ళ ఊరినుంచి అలాంటిదే కొత్త సూది తెచ్చి, "ఇదిగో, మొద్దుది, మన హెడ్మాస్టరంత మొద్దుది" అంటూ నా చేతిలో పెట్టింది. దాన్ని బుట్ట మూతకి గుచ్చి ఉంచాను.

స్వెటర్ బుట్టలోనే ఉంది. భుజాలు రెండూ కుట్టి ఉన్నాయి. కుడి భుజం దారం కొస దోపలేదు. చేతులు కలపలేదు. పక్కలు కుట్టలేదు.